పిల్లల మీద అఘాయిత్యం జరుగుతుందని డౌట్ వస్తే ఠాణాల ఎట్ల చెప్పాలె: బల్లార్షా, రాజురా, సిరోంచా వైపు ఉండే మనోళ్ళకు

మహారాష్ట్ర బార్డర్ల బల్లార్షాల నాది చిన్న జిరాక్స్, టైపింగ్ షాపు. ఆధార్ అప్‌డేట్, కులం సర్టిఫికెట్, సాత్‌బారా (భూమి పహాణీ) నకలు, ఇట్లాంటియన్నీ చేస్త. మన తెలుగోళ్ళు మరాఠీల అర్జీ రాయించుకోవాలన్నా నా దగ్గరికే వస్తరు. అట్ల వచ్చేటోళ్ళల్ల ఏడాదికి ఇద్దరో ముగ్గురో వేరే రకం ఉంటరు. షాపు ఖాళీ అయ్యేదాక బెంచీ మీద కూసుంటరు, ఉన్న గిరాకీ అంత పోయినంక దగ్గరికొచ్చి గొంతు తగ్గించి "అన్నా, మా పక్కింట్ల ఒక పిల్ల ఉంది..." అని మొదలువెడ్తరు. అంత చెప్పినంక చివరికి అడిగేది మాత్రం ఒక్కటే, మాకెందుకులే అని ఊకుంటే నడుస్తదా అని.

నడవదు. మంచితనం సంగతి పక్కనపెట్టండి, చట్టమే ఒప్పుకోదు. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, 2012ల వచ్చింది, ఆ ఏడు నవంబర్ 14 నుంచి అమల్ల ఉంది. 18 ఏండ్ల లోపు పిల్లలు ఎవరైనా, ఆడపిల్లైనా మగపిల్లగాడైనా, వాళ్ళ మీద లైంగిక నేరం జరిగిందని మీకు తెలిసినా, జరిగేటట్టు ఉందని భయం ఉన్నా పోలీసులకు చెప్పాల్సిందే. సెక్షన్ 19 అదే చెప్తది. అది టీచర్లకో డాక్టర్లకో మాత్రమే కాదు, "ఎవరైనా" అని ఉంది అందుల, అంటే పక్కింటోళ్ళు, ఇంటి ఓనరు, ఆటో అన్న, మేనత్త, నేను, మీరు. తెలిసి చెప్పకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల దాక జైలో, జుర్మానానో, రెండూనో. స్కూలో హాస్టలో ఆస్పత్రో నడిపేటోళ్ళు వాళ్ళ కింద పనిచేసేటోని గురించి తెలిసి దాచిపెడ్తే ఏడాది దాక జైలు, పైనుంచి జుర్మానా. పిల్లలు మాత్రం చెప్పలేదని వాళ్ళ మీద ఏ కేసు ఉండదు.

ఇది కాగితం మీది మాటే అనుకునేటోళ్ళకు మన రాజురా ముచ్చటే చెప్త. 2019ల అక్కడ ఒక హాస్టల్ల ఆదివాసీ అమ్మాయిల మీద లైంగిక దాడి కేసు బయటపడ్డది. పిల్లలకు వైద్యం చేసిన డాక్టరుకు సంగతి తెలిసి కూడ చెప్పలేదన్న ఆరోపణ మీద ఆయన్ని కూడ కేసుల చేర్చిన్రు. హైకోర్టు ఆయన మీది కేసు కొట్టేసింది. 2022 నవంబర్ 2న సుప్రీంకోర్టు ఆ కొట్టేసిన ఆర్డరును పక్కకుపెట్టింది, తెలిసి కూడ చెప్పకపోవుడు తీవ్రమైన నేరమని, ఎక్కువసార్లు అది నేరం చేసినోళ్ళను కాపాడే ప్రయత్నమే అయితదని రాసింది. వార్ధా నది దాటితే రాజురా, ఎక్కడో ఢిల్లీ ముచ్చట కాదు ఇది.

ఇంకొకటి, "మహారాష్ట్రల శక్తి చట్టం ఉంది కదా, 21 రోజులల్ల శిక్ష పడ్తది కదా" అని కొందరు అంటరు. ఆ బిల్లు 2021 డిసెంబర్ల ముంబైల పాసయ్యింది గానీ రాష్ట్రపతి ముద్ర పడలేదు, చట్టం కాలేదు. మనకు పనికొచ్చేటియి పోక్సో, జువెనైల్ జస్టిస్ చట్టం (పిల్లల రక్షణ చట్టం), 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలు. రాష్ట్రం చేతిల ఉండేది పోలీసు, బాల కల్యాణ సమితి (ఆపదల ఉన్న పిల్లల సంగతి చూసే జిల్లా కమిటీ), పరిహారం స్కీము. ఇగ పనిలకు పోదాం.

స్టెప్ 1. పిల్ల చెప్తుంటే వినుడు ఎట్ల

చాలామంది ఇక్కడ్నే చెడగొడ్తరు, అందుకే ఎక్కువ రాస్తున్న. పిల్ల ఏదో ఒక మాట అంటది, సగం చెప్తది, మనకు గుండె ఆగినంత పనైతది, ఇగ వరుసబెట్టి అడుగుడు షురూ చేస్తం. ఎవడు, ఎప్పుడు, ఎక్కడ పట్టుకున్నడు, నువ్వెందుకు పోయినవ్, మరి ముందే ఎందుకు చెప్పలే. అవ్వకు ఒకసారి, పెద్దమ్మకు ఒకసారి, బాపు డ్యూటీ నుంచి వచ్చినంక మళ్ళొకసారి చెప్పిస్తరు. నాలుగోసారికి పిల్ల మాట మార్చేస్తది, లేకపోతే నోరే మూసుకుంటది. రేపు కోర్టుల అవతలి వకీలు పట్టుకునేది ఇదే, ఇంటోళ్ళు నేర్పిచ్చిన్రు అని.

మీరు చెయ్యాల్సింది తక్కువ. పక్కన కూసోండి, చెప్పిందంత వినండి, "మంచిపని చేసినవ్ చెప్పి, తప్పు నీది కాదు" అనండి. ఎవరు, ఇప్పుడు ఆ మనిషి ఎక్కడున్నడు, ఒంట్ల నొప్పి ఉందా, ఈ మూడు చాలు. "ఎవ్వరికి చెప్పనులే" అని మాట ఇయ్యకండి, ఎందుకంటే చెప్పాల్సి వస్తది, రేపు పొద్దున పోలీసమ్మ వస్తే ఆ పిల్ల మిమ్మల్ని ఎన్నడు నమ్మదు. "నీకు సాయం చేసేటోళ్ళకు మాత్రమే చెప్త" అనండి, అది నిజమే.

అవతలోనికి ఫోన్ చేసి నిలదీసుడు అస్సలు వద్దు. మగోళ్ళకు ఆ కోపం ఆగదు, నాకు తెలుసు. వాడు బల్లార్షా టేషన్ల ఏదన్న బండెక్కితే గంటల కాగజ్‌నగర్, రాత్రికి హైదరాబాద్. ఫోన్ల ఉన్నయన్ని డిలీట్ చేసుకుంట పోతడు.

పిల్ల ఏం చెప్పకపోయినా మీకే డౌట్ ఉంటే? ఆ ఇంట్ల రాత్రిపూట ఏడుపు, పిల్ల ఒక మనిషిని చూడంగనే దాచుకునుడు, బడి బందు పెట్టుడు, ఒంటి మీద దెబ్బలు. ఇవి ఒక్కొక్కటి తీస్తే ఏం చెప్పవు, వేరే కారణాలు కూడ ఉండొచ్చు. అది తేల్చుడు మీ పని కాదు, మీ దగ్గర రుజువు ఉండాలని చట్టంల ఎక్కడ లేదు. మంచి మనసుతోని చెప్తే, తర్వాత తప్పని తేలినా మీ మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నడవదు, సెక్షన్ 19ల చివర్ల రాసి ఉంది. కావాలని పగతోని అబద్ధం చెప్పినోళ్ళకే సెక్షన్ 22ల శిక్ష ఉంది. పొలం గెట్టు పంచాయితీకి పోక్సోను వాడదామనుకునేటోళ్ళు ఇది చదివి ఆగితే మంచిది, అట్ల కూడ ఒకడు వచ్చిండు నా షాపుకు, టైప్ చెయ్య పో అన్న.

స్టెప్ 2. అదే రోజు రాసిపెట్టుకోండి

నోటుబుక్కుల, తెలుగులనే. పిల్ల ఏ మాట అన్నదో ఆ మాటే, మీ పెద్దల మాటలకు మార్చకండి. పిల్లలు శరీర భాగాలకు ఏదో ముద్దు పేరు వాడ్తరు, అదే రాయండి. తారీఖు, టైము, అప్పుడు ఎవరెవరున్నరు. ఒక పేజీ దాటదు. మీరు చూసింది ఒక పక్క, విన్నది ఒక పక్క, అనుకుంటున్నది ఒక పక్క. ఠాణాల కంగారుల ఈ మూడు కలిసిపోతయి, అందుకే ఈ తిప్పలు.

బట్టలు ఉతకకండి. ఈ మధ్యనే జరిగిందని తెలిస్తే పిల్లకు స్నానం పోయకుండ ఆస్పత్రికి తీస్కపోవుడు మంచిది, బట్టలు ప్లాస్టిక్ కవర్ల కాదు, కాగితం కవర్ల, లేదంటే పేపర్ల చుట్టి పెట్టండి, ప్లాస్టిక్కుల చెమ్మ పట్టి ఖరాబైతయి. రోజులు గడిచినయని ఆస్పత్రికి పోవుడు మానకండి.

స్టెప్ 3. ఎవరికి చెప్పాలె

ఇప్పుడిప్పుడే ప్రమాదం ఉంటే 112. మన బార్డర్ల ఒక చిక్కుంది, ప్రాణహిత ఒడ్డున సిరోంచాల నిలబడితే ఫోన్ ఒక్కోసారి అవతలి తెలంగాణ టవర్ పట్టుకుంటది, కాల్ ఆ వైపు పోవచ్చు. అందుకే హలో అనంగనే రాష్ట్రం, జిల్లా, తాలూకా, ఊరు, ఈ వరుసల చెప్పండి, తర్వాత సంగతి. కాల్ ఎత్తినోళ్ళది మరాఠీ, హిందీ, తెలుగు ఏదైనా ఊరి పేర్లు అర్థమైతయి.

పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇది రాత్రిపగలు నడుస్తది, పైసలు పడవు. మీ పేరు చెప్పుడు భయమైతే పేరు బయటికి రావద్దని చెప్పి కూడ సమాచారం ఇయ్యొచ్చు. నేనైతే ముందు దీనికే చెయ్యమంట, ఎందుకంటే వాళ్ళు ఠాణాకు వచ్చేటప్పుడు తోడు ఉంటరు, ఒక్కదానివి పోయి ఠాణే అమల్దార్ (ఠాణాల డ్యూటీ మీద ఉండే పోలీసు) ముందల నిలబడుడు వేరు, 1098 మనిషి పక్కన ఉండుడు వేరు. గానీ హెల్ప్‌లైన్‌కు చెప్పినం, అయిపోయింది అనుకోకండి. చట్టం పోలీసులకు చెప్పమన్నది. ఆ సమాచారం ఠాణాకు చేరిందా లేదా అని మర్నాడు అడగండి, ఫోన్ చేసిన టైము రాసిపెట్టుకోండి.

రైల్ల, ప్లాట్‌ఫారం మీద ఒంటరి పిల్లలు కనపడ్తే 139, లేదంటే టేషన్ల ఉన్న ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు. తల్లిదండ్రులు లేకుండ దొరికిన పిల్ల గురించి 24 గంటలల్ల చెప్పాలని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 32ల వేరే ఉంది. మనకు బల్లార్షా జంక్షన్ ఉంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఏ ఠాణా? ఇది అందరూ అడుగుతరు. పిల్ల ఊరు తెలంగాణల సిర్పూర్, జరిగింది రాజురా దగ్గర చుట్టాలింట్ల, తెలిసింది చంద్రపూర్ల. జవాబు, మీకు ఏది దగ్గరైతే అది. కేసులు ఎట్ల నడపాలో చెప్పే కొత్త చట్టం, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 173, నేరం ఎక్కడ జరిగినా సరే ఏ ఠాణాలనైనా సమాచారం తీసుకోవాలని చెప్తది. జీరో ఎఫ్‌ఐఆర్ అంటరు, రాసుకొని వాళ్ళే అవతలి ఠాణాకు పంపుతరు. "ఇది తెలంగాణ మ్యాటర్, అటే పోండి" అంటే నదవతలికి పోకండి, జీరో నంబర్ మీద రాయండి అని మర్యాదగనే అడగండి.

స్టెప్ 4. ఠాణాల

పోయేటప్పుడు పిల్లను తీస్కపోవాలనే రూల్ లేదు. మీరు పోయి చెప్తే చాలు. పిల్ల మాట రాసుకునేటందుకు పోలీసులే ఇంటికో, పిల్ల ఎక్కడ కావాలంటే అక్కడికో రావాలె, వీలైనంత వరకు సబ్ ఇన్‌స్పెక్టర్ కన్నా తక్కువ కాని మహిళా ఆఫీసరు, యూనిఫాం లేకుండ. తల్లో తండ్రో, పిల్ల నమ్మే ఇంకెవరో పక్కన ఉండాలె. నిందితుడు పిల్ల కండ్ల పడొద్దు. ఏ కారణానికైనా సరే పిల్లను రాత్రి ఠాణాల ఉంచొద్దు. ఇదంత పోక్సో సెక్షన్ 24, 26ల ఉంది. ప్రతి ఠాణాల బాలల కోసం ఒక పోలీసు అధికారి ఉండాలె, ఏఎస్ఐ కన్నా తక్కువ కాకుండ, ఆయన్నో ఆమెనో అడగండి. జిల్లాల స్పెషల్ జువెనైల్ పోలీస్ యూనిట్ కూడ ఉంటది.

ఇగ భాష. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. మీకు మరాఠీ సగం వచ్చు, రాసేటాయనకు తెలుగు అస్సలు రాదు, మధ్యల హిందీ. పోయినేడు ఒకామె వచ్చింది, పిల్లకు మేనత్త. మా వైపు ఒక ఠాణాల చెప్పి వచ్చినంక, ఇచ్చిన కాగితం ఏముందో చదివిపెట్టమన్నది. నేను చదువుకుంట పోతున్న, ఆమె తలూపుతున్నది, ఒక లైన్ కాడ ఆగి "ఏందన్నా, మళ్ళొకసారి చదువు" అన్నది. ఆమె చెప్పింది "వరసకు బావ అయితడు" అని. రాసినాయన చెవికి అది "భావూ" అని పడ్డది. మరాఠీల భావూ అంటే అన్నదమ్ముడు. కాగితం మీద నిందితుడు పిల్ల అన్న అయ్యి కూసుండు. ఆ పిల్లకు నిజంగనే ఒక అన్న ఉన్నడు, ఎనిమిదో తరగతి చదువుతున్నడు. ఆమె చేతుల చిన్న టవలుంటే దాన్ని నోటికి అడ్డం పెట్టుకొని అట్లనే కూసుంది, ఐదు నిమిషాలు ఏం మాట్లాడలే. అప్పటికే సంతకం పెట్టి వచ్చింది.

మర్నాడు ఇద్దరం పోయి "పురవణీ జబాబ్" రాయించినం. మరాఠీ ఠాణాలల్ల అదే మాట, ముందు చెప్పినదానికి అదనంగ ఇచ్చే స్టేట్‌మెంట్. వాళ్ళు ఏం గొడవ చెయ్యలే, రాసుకున్నరు. గానీ ముందే చూసుకుంటే ఆ రాత్రి ఆమెకు నిద్ర ఉండేది. వరస ఎందుకంత ముఖ్యం అంటే, రక్తసంబంధమో పెండ్లి సంబంధమో ఉన్నోడు, ఒకటే ఇంట్ల ఉండేటోడు చేస్తే పోక్సోల సెక్షనే మారిపోతది, శిక్ష బరువైతది, అందుల చాలా ఘోరమైనదానికి 2019 సవరణ తర్వాత తక్కువల తక్కువ 20 ఏండ్లు. అందుకే బావ, బావమరిది, చిన్నాన్న, మామ లాంటి మాటలు ఒక్కటే వాడి వదిలెయ్యకండి. "తల్లి అన్న కొడుకు", "అక్క పెనిమిటి", "నాన్న తమ్ముడు", ఇట్ల విడగొట్టి చెప్పండి, పేరు చెప్పండి, ఇంటి గుర్తు చెప్పండి. మరాఠీల కాకా అన్నా మన చిన్నాన్న అన్నా ప్రతిసారి ఒకటే కాదు, మనం తల్లి చెల్లె మొగుణ్ణి కూడ చిన్నాన్న అంటం.

మీరు నోటితోని చెప్తే వాళ్ళు రాసి, మీకు చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలె. చట్టంల ఉన్నదే. మరాఠీల గడగడ చదివితే వినిపించినట్టు కాదు, "మలా తెలుగూత్ సమజావూన్ సాంగా" అనండి, నాకు తెలుగుల అర్థమయ్యేటట్టు చెప్పండని. పిల్లకు ఆ భాష రాకపోతే దుభాషీని పెట్టాల్సిన బాధ్యత పోలీసులదే, దానికి మీరు పైసలు కట్టేది లేదు. జిల్లా బాల సంరక్షణ యూనిట్ దగ్గర దుభాషీల లిస్టు ఉండాలె. సిరోంచా, అహేరి వైపైతే పిల్లకు ఇంట్ల తెలుగో గోండో మాడియానో ఉంటది, బడిల మరాఠీ వస్తదిలే అని సర్దుకోకండి, సిగ్గుపడే ముచ్చట బడి భాషల రాదు. నిందితుని చుట్టమో, ఆ వాడ లీడరో దుభాషీ అవుతనంటే వద్దనండి.

అర్జీ రాసుకపోవాలన్నా ఇబ్బంది లేదు. సింపుల్గ ఉండాలె: మీ పేరు, పిల్లతోని మీ సంబంధం, పిల్ల వయసు, ఎప్పుడు ఎట్ల తెలిసింది, పిల్ల అన్న మాట, అనుమానం ఎవరి మీద, ఇప్పుడు పిల్ల ఎక్కడుంది, భద్రంగ ఉందా. కథ వద్దు. రెండు కాపీలు, ఒకదాని మీద "పోచ్" అంటే ముట్టినట్టు ముద్ర, తారీఖు, టైము.

ఇంక "ఎన్‌సీ" అనే మాట వినపడ్తే చెవులు నిక్కబొడుచుకోండి. మహారాష్ట్ర ఠాణాలల్ల చిన్న తగాదాలకు ఎన్‌సీ రాస్తరు, అదఖల్‌పాత్ర అంటరు, అంటే పోలీసులు సొంతంగ దర్యాప్తు చెయ్యనిది. చేతుల ఒక చీటీ పెడ్తరు, మనోళ్ళు కేసు అయ్యిందనుకొని ఇంటికొస్తరు. పోక్సో ఫిర్యాదుకు ఎన్‌సీ సరిపోదు, ఎఫ్‌ఐఆర్ కావాలె, "గున్హా దాఖల్ కరా" అనండి. చీటీల ఏం రాసి ఉందో గడప దాటక ముందే చూడండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫ్రీగ ఇయ్యాలె. పోక్సో ఎఫ్‌ఐఆర్లు ఆన్‌లైన్ల పెట్టరు, కాబట్టి తర్వాత డౌన్‌లోడ్ చేసుకుంటలే అని వదిలేస్తే దొరకదు.

స్టెప్ 5. "ఉద్యా యా" అంటే

రేపు రండి అని. సాహెబ్ బందోబస్తుకు పోయిండు, మేడమ్ లేదు, ముందు మెడికల్ చేయించుకొని రండి, అబ్బాయి భవిష్యత్తు చూడండి, ఇట్లాంటియి చాలా ఉంటయి. 2024 ఆగస్టుల ముంబై దగ్గర బద్లాపూర్ల, బడిల అఘాయిత్యానికి గురైన నర్సరీ పిల్లల తల్లిదండ్రులు ఎఫ్‌ఐఆర్ కోసం గంటలకు గంటలు ఠాణాల కూసున్నది, తర్వాత జనం రైలు పట్టాల మీదికి వచ్చింది అందరూ చూసిన్రు. బాంబే హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, బడి నడిపేటోళ్ళ మీద పోలీసులకు చెప్పలేదని సెక్షన్ 21 కూడ పడ్డది. ఆ సెక్షన్ 21 పోలీసులకు కూడ వర్తిస్తది, చెప్పింది రాసుకోకపోతే వాళ్ళకు కూడ అదే 6 నెలలు. ఈ మాట గట్టిగ అరవకుండ, "సాహెబ్, కలం (సెక్షన్) 21 ఉంది కదా" అని మెల్లగ అంటే చాలాసార్లు కుర్చీ జరుగుతది.

అయినా రాయకపోతే మీరు చెప్పాలనుకున్నదాన్ని కాగితం మీద పెట్టి జిల్లా ఎస్పీకి రిజిస్టర్ పోస్ట్ చెయ్యండి, చంద్రపూర్ తాలూకాలకు చంద్రపూర్, సిరోంచా, అహేరి వాళ్ళకు గడ్చిరోలి. పోస్టాఫీస్ రసీదు పారెయ్యకండి. ఎస్పీ దగ్గర కూడ పని కాకపోతే మెజిస్ట్రేట్ కోర్టు. అక్కడిదాక పోతే జిల్లా విధి సేవా ప్రాధికరణం ఉచితంగ వకీలును ఇస్తది, తాలూకా కోర్టులల్ల కూడ వాళ్ళ కమిటీలు ఉంటయి. నా అనుభవంల ఎస్పీ పోస్టు అని అనంగనే సగం పని అయితది.

స్టెప్ 6. ఆస్పత్రి

ఎఫ్‌ఐఆర్ లేకుండ కూడ పరీక్ష చెయ్యాలె, పోలీసు చీటీ తెస్తేనే అని తిప్పి పంపొద్దు. ప్రైవేటు ఆస్పత్రి కూడ ట్రీట్‌మెంట్ ఫ్రీగ ఇయ్యాలె. ఆడపిల్లైతే లేడీ డాక్టరే. తల్లో నమ్మకమైన మనిషో లోపల ఉండాలె, ఎవరూ లేకపోతే ఆస్పత్రి వాళ్ళే ఒక ఆడమనిషిని పెట్టాలె. ఆస్పత్రి కూడ పోలీసులకు చెప్తది, చెప్పకపోతే వాళ్ళ మీదే కేసు, కాబట్టి "డాక్టరుకు చెప్పి రహస్యంగ చూపిద్దాం" అనే ప్లాన్ నడవదు. 17 ఏండ్ల అమ్మాయి ఇష్టపడి పోయిన కేసులల్ల కూడ ఇదే రూలు. ఆ రూలు అన్నిసార్లు న్యాయంగ ఉందని నేను అనను, గానీ చట్టం ఇప్పటికి అట్లనే ఉంది.

స్టెప్ 7. చెప్పినంక 24 గంటలు

మీ పని అయిపోయింది, పోలీసుల గడియారం మొదలైంది. 24 గంటలల్ల వాళ్ళు బాల కల్యాణ సమితికి, స్పెషల్ కోర్టుకు రిపోర్టు చెయ్యాలె. పిల్ల ఆ ఇంట్ల ఉంటే ప్రమాదమనుకుంటే అదే 24 గంటలల్ల భద్రమైన చోటు చూపించాలె. నేరం చేసినోడు ఇంట్ల మనిషే అయినప్పుడు ఇది ప్రాణం లాంటిది, అందుకే ఠాణాలనే "పిల్ల ఈ రాత్రి ఎక్కడుంటది" అని అడగండి. పేపర్ల మీద ఏదీ ముందుకు పోకపోయినా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేకుండ బయటికి రాకండి.

సమితి జిల్లా కేంద్రంల కూసుంటది. సిరోంచా నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, అల్లాపల్లి అడవి మీదుగ, వానాకాలం ఆ రోడ్డు సంగతి మీకే ఎరుక. పిల్లను సమితి ముందలికి 24 గంటలల్ల తీస్కపోవాలె, గానీ చట్టం ఆ ప్రయాణం టైమును అందుల లెక్కపెట్టదు, సమితి కూసోని రోజున ఒక్క మెంబర్ ముందలికైనా పిల్లను తీస్కపోవచ్చు. సమితి పిల్లకు ఒక సపోర్ట్ పర్సన్‌ను ఇస్తది, కేసు అయిపోయేదాక తోడుండే మనిషి, కోర్టు తారీఖులు చెప్తరు, పక్కన కూసుంటరు. అడగండి దాన్ని, ఇయ్యకపోతే మళ్ళ అడగండి. తిండి, బట్టలు, బస్సు ఖర్చులకు అప్పటికప్పుడు సాయం ఇప్పించాలని కూడ పోక్సో 2020 రూల్స్‌ల ఉంది. మహారాష్ట్రల వేరే మనోధైర్య యోజన ఉంది, 2013 నుంచి, బాధిత పిల్లలకు పరిహారం, విధి సేవా ప్రాధికరణం దగ్గర నడుస్తది. దర్యాప్తు 2 నెలలల్ల అయిపోవాలె, కేసు ఎక్కడికొచ్చిందో 90 రోజులల్ల మీకు చెప్పాలె. కోర్టు ఏడాదిల తేల్చాలని ఉంది, వీలైనంత వరకు అనే మాట తోని.

కొట్టుడు, తిండి పెట్టకపోవుడు, పిల్లను పత్తి ఏరనీకి పంపుడు, ఇవి పోక్సోలకు రావు గానీ ఊకునేటియి కావు. వీటికి 1098, బాల కల్యాణ సమితి. చూసుకోవాల్సినోడే పిల్లను హింసపెడ్తే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75, మూడేండ్ల దాక. 14 ఏండ్ల లోపు పిల్లను పనికి పెట్టుకునుడే నేరం. బడిల బెత్తం దెబ్బలు కూడ విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు.

చెయ్యకూడని పనులు రెండు

కులపెద్దలు కూసొని లక్షో రెండు లక్షలో ఇప్పించి రాజీ చేసుడు. మనోళ్ళల్ల ఇది ఇంకా నడుస్తుంది, పిల్ల పెండ్లి ఎట్లయితది అనే మాటతోని. పోక్సో కేసుల ఇంటోళ్ళు రాజీ చేసుకుంటే కేసు పోదు, ఆ పంచాయితీల కూసున్న ప్రతి మనిషికి సంగతి తెలిసినట్టే, తెలిసి చెప్పనట్టే.

రెండోది ఫోన్. వాడకట్టు వాట్సాప్ గ్రూపుల పిల్ల ఫొటో, ఇంటి పేరు, బడి పేరు, "న్యాయం కావాలె" అని. పిల్ల ఎవరో తెలిసేటట్టు ఏది పెట్టినా సెక్షన్ 23, 6 నెలల నుంచి ఏడాది. మంచి మనసుతోని పెట్టినా అంతే. పిల్లల అశ్లీల వీడియో మీ ఫోన్‌కు వస్తే "చూడండి ఎంత ఘోరమో" అని ఇంకొకరికి పంపకండి, పంపుడే నేరం, సైబర్ క్రైమ్ పోర్టల్ల పేరు చెప్పకుండనే రిపోర్టు చెయ్యొచ్చు.

చివరికి మా షాపు తరఫున ఒకటి. ఎఫ్‌ఐఆర్ కాపీ జిరాక్స్‌కు వచ్చేటప్పుడు దాని మీద పిల్ల పేరు ఉంటదని గుర్తుంచుకోండి. షాపతనికి వాట్సాప్ల పంపకండి, కాగితమే తెచ్చి మీరే మిషన్ పక్కన నిలబడండి. అడ్డదిడ్డంగ వచ్చిన ఖరాబు కాపీలు చెత్త డబ్బాల వెయ్యనియ్యకుండ అడిగి తీసుకోండి, అవే రేపు మిర్చి బజ్జీల పొట్లాలైతయి. స్కాన్ చేయిస్తే కంప్యూటర్లకెళ్ళి మీ ముందలే తీసెయ్యమనండి. ఏమనుకోరు, నేనైతే ఏమనుకోను.